రోజూ వండుకోవాలా, కర్రీ పాయింటే నయమా?

ఒంటరిగా ఉండి ఉద్యోగం చేసేవాళ్ళకి వంట కలిసొస్తుందా, లేక అన్నం పెట్టుకుని కూరలు కొనుక్కోవడమే తేలికా అని అడిగారు. రెండూ చేసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

మాది కావలి. 2021 చివర్లో ఉద్యోగానికి నెల్లూరొచ్చి దర్గామిట్టలో గది తీసుకున్నా. ఏడాదిన్నర పాటు రైస్ కుక్కర్‌లో అన్నం, కర్రీ పాయింట్ నుంచి ఒక కూర, ఒక సాంబారు. రుచికి వంక పెట్టను. తేడా రాత్రుళ్ళు తెలిసింది. పడుకున్నాక రెండు మూడుసార్లు దాహానికి లేచేవాణ్ణి. నెల్లూరు ఎండలు కదా అని సరిపెట్టుకున్నా. డిసెంబరులోనూ అదే వరస. ఆఫీసులో చెకప్ పెడితే బీపీ కాస్త ఎక్కువే ఉందన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే ఒక చిన్న చెంచాడు. కొన్న కూరలో ఎంత పడిందో మనకేం తెలుస్తుంది? వేపుళ్ళలో నూనె ఎన్నిసార్లు కాగిందో అంతకన్నా తెలియదు.

వంట మొదలుపెట్టిన తొలి నెల మాత్రం ఘోరం. యూట్యూబ్ చూసి గుత్తి వంకాయ చేశా. తినడానికి పది నిమిషాలు, గిన్నెలు తోమడానికి ముప్పావు గంట. వారానికే విసుగొచ్చి మళ్ళీ కర్రీ పాయింట్ ముందు నిలబడ్డా. అమ్మకి ఫోన్ చేస్తే, "పెళ్ళి భోజనం ఎవరు వండమన్నార్రా నిన్ను? పప్పు ఉడకేసుకో" అంది.

అదే పట్టుకున్నా. మంగళవారం గ్లాసుడు కందిపప్పు, చిటికెడు పసుపు వేసి కుక్కర్‌లో మెత్తగా ఉడికిస్తా. ఉప్పూ పులుపూ అప్పుడే వెయ్యను. పులుపు పడితే పప్పు ఉడకదు. చల్లారాక డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోకి. ఆ రోజు కొంత తీసి టమాటా పప్పు, మర్నాడు గోంగూర, మూడోరోజు మిగిలింది పలచన చేసి చింతపండు పులుసు పోస్తే పప్పుచారు. పోపు మాత్రం ఏ పూటకాపూటే. లేకపోతే మూడు రోజులూ ఒకటే తిన్నట్టుంటుంది. శుక్రవారం మళ్ళీ మొదలు. ఇరవై నిమిషాల పని. నంజుకోడానికి ఊరగాయ ఎలాగూ ఉంటుంది.

డబ్బు సంగతి. అప్పుడు కూరలకే రోజుకి 120 రూపాయలయ్యేది, నెలకి 3,600. ఇప్పుడు పప్పు, కూరగాయలు, నూనె, గ్యాస్ కలిపి రెండు వేలు దాటడం లేదు. కాకపోతే చవగ్గా వచ్చాయని కిలోలకి కిలోలు కొని కుళ్ళబెట్టుకుంటే ఆ మిగులూ ఉండదు. పావుకిలో లెక్కన కొనండి.

అన్నీ మానేశానని కాదు. దోసె పిండి కొంటా. కారం దోసె తినాలనిపిస్తే హోటల్‌కే పోతా, అది నా పెనం మీద రాదు. చేపల పులుసు మాత్రం బయట కొనను. ఆదివారం ఇంటికెళ్తే అమ్మ మామిడికాయ వేసి చేసింది క్యారియర్‌లో తెచ్చుకుంటా. ముక్కకి పులుసు బాగా పట్టేది మర్నాటికే కదా. సోమవారం మధ్యాహ్నం ఆఫీసులో నా టేబుల్ చుట్టూ కుర్చీలు చాలవు.