శాతవాహనుల ఓడ సరే, మూట మోసినోడు యాడ?

అమ్మాయ్,

తెలుగోళ్ళ సముద్ర చరిత్ర మీద పుస్తకమని నువ్వు రాసి పంపిన అరవై పేజీల పీడీఎఫ్ చదివేసినా. రెండు రాత్రులు పట్టింది, ఫోన్లో చదివేది నా కండ్లకు కష్టం. మెయిలు "గౌరవనీయులైన రచయిత గారికి" అని మొదలుపెట్టినావే, నేనేమన్నా కలెక్టర్నా, మామా అను చాలు. భాష బాగుంది, చదివిన పుస్తకాలు కూడా నిండా ఉండాయి. మెచ్చుకునేది ఇంతటితో సరి.

ఇంక ఒళ్ళు మండిన సంగతి. మొదటి పేజీలోనే "సప్తసముద్రాలనేలిన తెలుగు జాతి" అని ఎత్తుకున్నావు. ఆ పైన ఎనిమిది పేజీలు శాతవాహనుల సీసం నాణెం మీద, దాని మీదుండే రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ మీద. సరే చదువుకుంటా పోతా ఉంటే 31వ పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక ఫుట్‌నోట్. మీ అమ్మమ్మ వాళ్ళ నాయన రంగూన్ రేవులో బియ్యం మూటలు మోసినాడు, 1942లో జపానోళ్ళు వచ్చినప్పుడు అడవుల్లో పడి నడిచి వచ్చేసినాడు, ముసలోడైనాక కూడా కాకినాడ పక్కన కళ్ళంలో వడ్ల బస్తాలు తిత్, నిత్, తోన్ అని బర్మా భాషలోనే లెక్కపెట్టేవాడు. నాలుగే నాలుగు లైన్లు! అది చదివి నేను లేచి వాకిట్లోకి పోయి కూర్చున్నా. ఆ నాలుగు లైన్ల కోసరమే ఈ జాబు రాస్తా ఉండాను, లేకపోతే నీ పీడీఎఫ్ మా ఇంట్లో ఉండే ఇంకో ముప్పై పీడీఎఫ్‌ల మాదిరే పడుండేది.

నాకు లెక్కలంటే ఎందుకింత పిచ్చో చెప్తా. డిగ్రీ తప్పినాక చిత్తూరు బెల్లం మండీలో మూడేండ్లు గుమాస్తా పని చేసినా. హమాలీల లెక్క నాది. ఏ బండి, ఎన్ని మూటలు, మూటకెంత, ఎవరికెంత అడ్వాన్సు, పండగకి ఎంత పట్టుకోవాల. మా ఊర్లో కళ్ళంలో వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనరు కదా, 'లాభం' అని మొదలుపెట్టి తర్వాత రెండు, మూడు అంటారు. మండీలో ఒక ముసలి హమాలీ వీపు మీద మూట పడిన ప్రతిసారీ నా వైపు చూసి "లాభం రాసుకో సామీ, మాది కాదులే" అనేవాడు. నేను చదివిన మొదటి చరిత్ర పుస్తకం ఆ నూనె మరకల లెడ్జరే. అప్పట్నించీ ఎవడన్నా జాతి, వైభవం అంటే నేనడిగేది ఒకటే, కూలి ఎంత ఇచ్చినారు అని. ఇది నా జబ్బు అనుకో.

ఆ లెడ్జర్ మీద ఒక వ్యాసం రాసి వారపత్రికకి పంపితే ఎడిటర్ గారు "ఇందులో ఎత్తుగడ లేదు, హీరో లేడు" అని కార్డు ముక్క రాసినాడు. రెండోసారి తీసుకున్నారులే, కూలి రేట్లుండే పేరాలన్నీ కోసేసి చంద్రగిరి కోట ఫోటో వేసినారు. బెల్లం మండీకి కోటకి ఏం సంబంధమో ఈ రోజుకీ నాకర్థం కాలేదు. ఇప్పుడు ఇంకా ఘోరం, "మరుగున పడిన అసలు చరిత్ర" అని థంబ్‌నెయిల్ పెడితే చాలు లక్ష మంది చూస్తారు. నీ మొదటి పేజీకి ఆ గాలి తగిలింది.

అసలు జాతి అనేది యాడ తయారైందో మీ ముత్తాత తిరిగిన రేవులోనే ఉండాది చూడు. రంగూన్లో మూటలు మోసేది జాస్తి మనోళ్ళే. కోరంగీలు అనేవాళ్ళు, మన కోరంగి రేవు పేరే మనుషులకి అంటుకున్నాది, అదేం మర్యాద పిలుపు కాదు. 1930 మే నెలలో కూలి పెంచమని మనోళ్ళు సమ్మె చేస్తే, పని ఆగకూడదని బర్మావాళ్ళని దింపినారు. సమ్మె తెగింది, మనోళ్ళని మళ్ళీ పిలిచినారు, వాళ్ళని పొమ్మన్నారు. అంతే, కొట్లాట రేవులో మొదలై ఊరంతా పాకింది, మనోళ్ళు చాలామంది చచ్చిపోయినారు. ఆ ఏడాదే, ఆ గొడవల వెనకాలే, 'దొబమా' సంఘం పుట్టింది, మన బర్మా మనదే అనేవాళ్ళది. బర్మా స్వాతంత్ర్య నాయకుడు ఆంగ్ సాన్ తర్వాత అందులో చేరినవాడే. 1937కి బర్మా ఇండియా నించి విడిగా అయిపోయింది. నువ్వేమో జాతి అనే ఊహ ఎట్ల పుట్టిందో చెప్పిన పండితుడు బెనెడిక్ట్ ఆండర్సన్ 1983లో రాసినాడని, పేపర్లూ నవలలూ చదివే కొద్దీ జనానికి మనమంతా ఒకటి అనే ఊహ కలుగుతుందని పదకొండు పేజీలు రాసినావు. నేను కాదనను. అయితే మీ ముత్తాతకి పేపరు చదివేది వచ్చునా? ఆయనకి తాను పరాయోడని తెలిసింది మూట కాడ. కూలోళ్ళని పనికి కుదిర్చిన మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరకముందే తెలిసింది. ఆండర్సన్ మాట, మీ ముత్తాత సంగతి, ఈ రెండూ నీ పుస్తకంలో ఒకదానికొకటి ఎదురుపడాల, నువ్వు వాటిని ఇరవై పేజీల దూరంలో కూర్చోబెట్టినావు.

నావికుల చరిత్ర రాసిన మార్కస్ రెడికర్ని నువ్వు ఒక్క లైన్లో దాటేసినావు, అదీ కోపమే నాకు. ఆయన 1987 పుస్తకం చూడు, జీతం ఎగ్గొట్టిన కెప్టెన్ల మీద నావికులు వేసిన కోర్టు కేసుల్లోంచి మనుషుల్ని లేపినాడు. 1768లో లండన్ నావికులు ఓడల తెరచాపలు దించేసి పని ఆపినారు, ఇంగ్లీషులో తెరచాప దించేదాన్ని స్ట్రైక్ అంటారు, ఆ మాటే ఈరోజు మన ఆర్టీసీ డిపో కాడ దాకా వచ్చింది. లస్కర్ అంటే నీకు తెలిసింది కాలవ తూము కాడ గేటు తిప్పే గవర్నమెంటు మనిషి కదా. ఆ మాట తెల్లోళ్ళ ఓడల్లో మన దేశపు నావికులది. ఓడ అదే, తుఫాను అదే, తెల్ల నావికుడి జీతంలో వీళ్ళకి మూడో వంతు, ఒక్కోసారి అది కూడా లేదు. అందులో మళ్ళా పనిలో పెట్టిన సేరాంగుకి, అంటే వాళ్ళ పెద్దకి, వాటా.

మోటుపల్లి రేవు శాసనం గురించి బాగానే రాసినావు, 1244, కాకతీయ గణపతిదేవుడు, అభయం, అన్నీ. కానీ ఆ అభయం సరుకుకి. గాలివానకి ఒడ్డున పడిన ఓడల్లో సొమ్ము ముందటి రాజులు లాక్కునేవాళ్ళు, నేను సుంకం తప్ప తీసుకోను అన్నాడు. మంచిదే. ఒడ్డున పడిన మనిషి సంగతి ఎవరడగాల, నువ్వు కదా?

తిరుపతిలో కూర్చొని సముద్రం గురించి రాయొచ్చా అని అడిగినావు. 2022లో జిల్లాలు చీల్చినాక వాకాడు మన జిల్లాలోకే వచ్చింది, సముద్రం ఒడ్డున ఉండే దుగరాజపట్నం ఆడే ఉండాది. మద్రాసు చేతికి రాకముందే, 1626లో, ఇంగ్లీషోళ్ళు ఆడ గిడ్డంగి పెట్టుకోని బట్టల బేరం చేసినారు. బస్సుకి పోయి సాయంత్రానికి రావచ్చు. పబ్లిషర్ల గురించి అడిగింది ఇప్పుడొద్దు, నాకు బీపీ ఉండాది.

అమ్మమ్మకి ఎనభై ఆరు అని ఫుట్‌నోట్లో నువ్వే రాసినావు. నాణెం తర్వాత చూద్దువు గానీ ముందు కాకినాడ పోయే శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీసుకో. మేస్త్రీ పేరు, యాడ ఓడెక్కినాడు, అడ్వాన్సు ఎంత, మూటకి ఎంత, నడిచొచ్చేటప్పుడు తోడు ఎవరున్నారు, ఇవి అడుగు. ఫోను రికార్డింగులో పెట్టి పక్కన పెట్టు, మధ్యలో నువ్వు మాట్లాడొద్దు. పదికి మించి బర్మా లెక్క ఆమెకి వస్తే అది నాకు వాట్సాప్‌లో పంపు.

మీ మామ