వైరస్ జ్వరంలో స్టెరాయిడ్‌కు ఒప్పుకోవచ్చా? మా ఇంట్లో జరిగింది చెబుతాను

కోవిడ్‌తో ఆక్సిజన్ మీద ఉన్న మీ నాన్నగారికి స్టెరాయిడ్ మొదలుపెడతామని డాక్టర్లు అంటున్నారని, వైరస్ ఒంట్లో ఉండగానే రోగనిరోధక శక్తిని అణిచే మందు ఇస్తే ముప్పు కాదా అని అడిగారు. 2021 మే నెలలో గుంటూరులో నేనూ ఇదే ప్రశ్న అడిగాను.

మా పెద్దన్నయ్యకు చాలాకాలంగా షుగర్ ఉంది. జ్వరం వచ్చిన రెండో రోజే, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 97 ఉండగానే, మాకు తెలిసిన ఒకాయన స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చారు. జ్వరం చేత్తో తీసేసినట్టు పోవడంతో అందరం సంతోషించాము. అయితే షుగర్ 400 దాటింది. ఎనిమిదో రోజు సాయంత్రం అన్నయ్య బాత్‌రూమ్ దాకా నడిచి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. వేలికి పెట్టిన పల్స్ ఆక్సిమీటర్‌లో 94 ఉన్న అంకె మా కళ్ల ముందే 88కి దిగింది. ఆ రాత్రే కొత్తపేటలోని ఒక ఆసుపత్రిలో చేర్చాము.

అక్కడి డాక్టరు కూడా స్టెరాయిడే రాయడం చూసి, ఇంత చేసిన మందునే మళ్లీ ఇస్తారా అని నేను గట్టిగా అడ్డుపడ్డాను. ఆవిడ ఓపికగా వివరించారు. మొదటి వారంలో వైరస్ పెరుగుతూ ఉంటుంది కనుక శరీరానికి దానితో పోరాడే శక్తి కావాలి. తీవ్రంగా జబ్బుపడినవారిలో రెండో వారానికి వైరస్ తగ్గుముఖం పడుతున్నా, రక్షణ కణాలు ఒకదాన్నొకటి పిలుచుకోవడానికి విడుదల చేసే సైటోకైన్లు అనే పదార్థాలు అదుపు తప్పి వాపు పుట్టిస్తాయి, ఆ వాపు ఊపిరితిత్తులనే దెబ్బతీస్తుంది. స్టెరాయిడ్ అణిచేది ఆ వాపునే. మందు ఒకటే, వేళ వేరు. బ్రిటన్‌లో కోవిడ్ రోగులపై మందులను పరీక్షించిన రికవరీ ట్రయల్ 2020 జూన్‌లో తేల్చింది కూడా ఇదే: రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, గరిష్ఠంగా 10 రోజులు ఇస్తే, వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు దాదాపు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవారిలో దాదాపు అయిదో వంతు తగ్గాయి, ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలు కనిపించలేదు.

అన్నయ్యకు ఇన్సులిన్‌తో షుగర్‌ను పట్టి ఉంచుతూ ఆ మోతాదే ఇచ్చారు, బోర్లా పడుకోబెట్టారు. నాలుగో రోజు నుంచి ఆక్సిజన్ తగ్గిస్తూ వచ్చారు. అవి షుగర్ ఉండి స్టెరాయిడ్ వాడినవారికి ఎక్కువగా సోకిన బ్లాక్ ఫంగస్ రోజులు కావడంతో, ఇంటికి వచ్చాక కూడా ముక్కు దిబ్బడ, బుగ్గ నొప్పి, కంటి వాపు ఉన్నాయేమోనని రోజూ చూసుకున్నాము.

ఈ లెక్కను ప్రతి వైరస్ జ్వరానికీ వర్తింపజేయకండి. డెంగీలో రక్తనాళాల నుంచి ద్రవం కారిపోవడం అసలు ప్రమాదం కాబట్టి సెలైన్‌ను కొలిచి ఎక్కించడమే ప్రధాన వైద్యం; అందులో స్టెరాయిడ్ మామూలుగా వాడరు. కోవిడ్ తగ్గిన కొన్ని వారాలకు పిల్లల్లో పలు అవయవాలకు వాపు తెచ్చే ఎంఐఎస్-సి అనే జబ్బులో మాత్రం ఇమ్యునోగ్లోబులిన్‌ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు)తో పాటు స్టెరాయిడ్ ఇస్తారు.

మీ నాన్నగారు ఇప్పటికే ఆక్సిజన్ మీద ఉన్నారు కనుక, నేనైతే ఒప్పుకుంటాను. షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉన్నా, ఇంతకుముందు ఇంటి దగ్గర ఎవరైనా స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చి ఉన్నా, ఆ సంగతి ఈ రాత్రే డాక్టరుకు చెప్పి, మందుల చీటీ ఉంటే చూపించండి.