రేకి చేయించండి, లిథియం మాత్రం ఆపకండి

అక్కా, ఒంటి మీద చేతులు ఆనించి లేదా దగ్గరగా పెట్టి చేసే రేకి మొదలుపెట్టాక, తమ్ముడి బైపోలార్‌కి (మనసు ఒకసారి బాగా పొంగి, ఒకసారి బాగా కుంగిపోయే జబ్బు) వాడే లిథియం మందు ఆపేయొచ్చా అని అడిగారు. దయచేసి ఆపకండి. ఉన్నట్టుండి మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. 1922లో జపాన్‌లో మికావో ఉసుయి మొదలుపెట్టిన రేకి మందుకు తోడే గానీ బదులు కాదు.

మా అమ్మ డిప్రెషన్‌కి మందులు వాడుతూనే కొర్లగుంటలో రేకికి వెళ్లేది. గంటసేపు కదలకుండా పడుకుని, బిగుసుకున్న భుజాలు వదులై, ఇంటికొచ్చి నాలుగు ముద్దలు తినేది. ఆ నెమ్మది నిజమే. కానీ రాత్రి మాత్ర నేనే చేతిలో పెట్టేదాన్ని.

మందులు మానమనే హీలర్ దగ్గరికి మాత్రం పంపొద్దు. తిరుపతి రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లి, రేకి సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. లిథియంకి రక్తపరీక్ష ఎప్పుడు చేయించారో చూసుకోండి. అర్ధరాత్రి టెన్షన్ పెరిగినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.