సమాధానం: మీ వారి కోపం వెనక డిప్రెషన్ ఉండొచ్చు

ఆరు నెలలుగా మీ వారు చిన్నదానికీ అరుస్తున్నారని, రోజూ తాగుతున్నారని, నిద్రపోవట్లేదని రాశారు. ‘ఏడవట్లేదుగా, వాడి స్వభావమే అంత’ అని మీ అత్తగారు అన్నారట. నాకైతే అలా అనిపించట్లేదండీ.

మగవాళ్లలో డిప్రెషన్ చాలాసార్లు చిరాకుగా, తాగుడుగా, బండి స్పీడుగా బయటపడుతుంది. 2013లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో ఇలాంటి లక్షణాలతోనే లెక్కేస్తే డిప్రెషన్ మగవాళ్లలో 26.3 శాతం, ఆడవాళ్లలో 21.9 శాతం తేలింది.

స్వభావానికి సంబంధం లేదని కాదు. ఊరికే కలత పడే మనిషికి డిప్రెషన్ వచ్చే అవకాశం ఎక్కువ. ఎవరితోనూ సర్దుకోని మనిషిలో అది కోపంగా, తొందరపాటు మనిషిలో తాగుడుగా మారొచ్చు. కానీ స్వభావం ఆరు నెలల్లో పుట్టదు కదా. ముందు ఎలా ఉండేవారు, ఇప్పుడెలా ఉన్నారు, అది చూడండి.

మా అన్నయ్య పెరుగన్నం కలుపుతూ కలుపుతూ కంచం తోసేసి లేచిపోయేవాడు. డాక్టరు ‘బాధగా ఉందా?’ అంటే లేదన్నాడు. ‘నిద్ర పడుతోందా?’ అంటే అరగంట మాట్లాడాడు. మీరూ నిద్ర దగ్గరే మొదలుపెట్టండి, తాగని పూట చూసుకుని. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు, మీరైనా చేయొచ్చు. చచ్చిపోతానన్న మాట వస్తే మాత్రం ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. చెయ్యి చేసుకుంటే ఓర్చుకోకండి, మహిళా హెల్ప్‌లైన్ 181కి చెప్పండి.