బిడ్డా, రేపటి పొద్దు కోసం ఇయ్యాల రాత్రే మొదలువెట్టు

బిడ్డా, వందనాలు. మొన్న ఫోన్ల నువ్వన్న మాట మనసులనే ఉన్నది, పొద్దుగాల నాలుగింటికి లేచి గంట ప్రార్థన, రోజుకు ఐదు అధ్యాయాలు, శుక్రవారం ఉపవాసం అని గట్టిగ తీర్మానం చేసుకొని పదో రోజుకే అన్నీ బందైనయని, నేను అసలు విశ్వాసినేనా పెద్దనాయినా అని ఏడ్సినవ్. ఆ బాధ నేను కూడ పడ్డ, అందుకే రాస్తున్న.

ఖాజీపేటల రైల్వే రన్నింగ్ డ్యూటీ, అంటే బండి మీద పోయే డ్యూటీ, చేసిన రోజులల్ల రాత్రి రెండింటికి డ్యూటీకి లేపే కాల్ బాయ్ వచ్చి తలుపు కొడితే ఒక్క పిలుపుకే లేచి పోయేటోన్ని, అదే ప్రార్థనకు లేవాల్నంటే ఒళ్ళు రాయి లెక్క బరువయ్యేది. ఏండ్లు గడిచినంక సమజైంది, డ్యూటీకి లేపెటోడు ఉన్నడు, పోకుంటే అడిగెటోడు ఉన్నడు, ప్రార్థనకు ఆ ఏర్పాటే నేను చేసుకోలే.

ముందుగాల రాత్రి సంగతి చూసుకో. పదింటికి ఫోన్ వంటింట్ల బియ్యం డ్రమ్ము మీద చార్జింగ్ పెట్టు, మంచం కాడికి రానియ్యకు. మంచం పక్క కుర్చీ మీద బైబిలు, చెంబుల నీళ్ళు. లోడు గూడ్స్ బండికి ఎర్ర సిగ్నల్ కాడ బ్రేకేస్తే ఆగదు బిడ్డా, కిలోమీటరు దాకా గుంజుకపోతది, అందుకే ముందుగాలనే పసుపు సిగ్నల్ ఇస్తరు. నీ పసుపు సిగ్నల్ ఏందో నీకే ఎరుక, పదకొండింటికి గదిల ఒక్కనివే ఫోన్ వట్టుకునుడో, జీతం పడ్డనాడు దోస్తులు రమ్మనుడో, అక్కడ్నే తగ్గాలె.

గంట వద్దు, పది నిమిషాలు చాలు, రోజుకు ఒక్క అధ్యాయం. మార్కు సువార్తతోని షురూ చెయ్యి, 16 అధ్యాయాలే. మొదటి అధ్యాయంల 35వ వచనం కాడ ఆగి సూడు, ఇంక చీకటి ఉండంగనే యేసు లేచి ఎవ్వరు లేని తావుకు పోయి ప్రార్థన చేసిండు, అంతకుముందు సాయంత్రమే ఊరంతా ఆయన ఉన్న ఇంటి వాకిట్ల ఉండె, అంత అలసిపోయి కూడ లేచిండు. దినమంతా ఉపవాసముండుడు తర్వాత చూద్దాం, ముందు ఒక్క పూట చాలు.

ఒక పొద్దు తప్పితే ఆ రోజు సాయంత్రమే ఐదు నిమిషాలన్న మోకాళ్ళేయ్యి, సోమవారం నుంచి మళ్ళ కొత్తగ అనకు. యేసును పట్టుకపోయిన రాత్రి గెత్సేమనే తోటల శిష్యులు నిద్రపోతే యేసు వాళ్ళను వెళ్ళగొట్టలే, ఆత్మ సిద్ధమే గని శరీరం బలహీనం అన్నడు. నువ్వు లేస్తెనే దేవుడు ప్రేమిస్తడనుకోకు, ఆశానిగ్రహం, అంటే మనసును అదుపుల పెట్టుకునుడు, పరిశుద్ధాత్మ ఫలమని బైబిల్ల గలతీ పత్రికల ఉన్నది, కాయ పండుడుకు టైం వడ్తది.

నాకు ఎక్కువ భయమయ్యేది మంచిగ నడిచిన రోజుల గురించే. ఈస్టర్ ముందటి శ్రమకాలం నలభై రోజులు నిష్ఠగ ఉండి, ఈస్టర్ దాటంగనే సడలిపోయినోళ్ళను మస్తు మందిని చూసిన. తన మనసును అణుచుకోలేనోడు గోడల్లేని పట్నం అసొంటోడని బైబిల్ల సామెతల గ్రంథంల ఉన్నది, అది చదివినప్పుడల్ల మన ఓరుగల్లు కోటనే యాదికొస్తది. రాతికోట, దాని బయట మట్టికోట, కందకం, ఇన్ని ఉన్నా ఒకసారి ఎనక్కి పోయిన ఢిల్లీ సైన్యం మళ్ళొచ్చి 1323ల కోటను తీసుకున్నది.

రేపటి నుంచి పొద్దుగాల ఐదింటికి నేనే ఫోన్ చేస్త. సౌండు ఫుల్లు పెట్టుకో. అది వంటింట్ల ఉంటది గద, లేచి నడిచొచ్చే దాకా చేస్తనే ఉంట.