వెనుక చక్రాల బ్రేకు ప్యాడ్లు మార్చబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ హోండా సివిక్ బండికి వెనుక బ్రేకు ప్యాడ్లు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే మార్చుకుంటానని, పోయిన ఏడాది ముందు చక్రాలకు నువ్వే మార్చావు కాబట్టి ఇదీ అలాంటిదే కదా అని అన్నావని అక్కయ్య ఫోనులో చెప్పింది. సొంత చేతులతో చేసుకోవాలన్న నీ ఉద్దేశం నాకు ఎంతో నచ్చింది. అయితే ఆ ‘అలాంటిదే కదా’ అన్న మాట విన్నాక మాత్రం ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా వివరంగా రాయాలనిపించింది. ముందు చక్రాల పని చేయి తిరిగినవాళ్లే వెనుక చక్రాల దగ్గరికి వచ్చేసరికి క్యాలిపర్లు, అంటే ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలు, పాడుచేసుకోవడం విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసినన్నాళ్లూ నేను చూస్తూనే వచ్చాను. ఒకసారి నా చేతిలోనే పాడయింది.

తేడా ఎక్కడుందో ముందు అర్థం చేసుకో. ముందు చక్రం క్యాలిపర్‌లో పిస్టన్‌కు ఒకటే పని. బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి అది బయటికి వచ్చి ప్యాడ్‌ను డిస్కుకు నొక్కుతుంది. కొత్త ప్యాడ్లు పట్టాలంటే దాన్ని సి-క్లాంపుతో నెమ్మదిగా లోపలికి నెడితే చాలు. వెనుక చక్రంలో హ్యాండ్ బ్రేకు కూడా అదే పిస్టన్ మీద పనిచేస్తుంది. నువ్వు లివర్ లాగినప్పుడు కేబుల్ వెళ్లి క్యాలిపర్ వెనుక ఉన్న చిన్న చేతిని తిప్పుతుంది, లోపల మరలు ఉన్న ఒక కడ్డీ పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ ఆ మరల మీదుగా తనంతట తానే కొద్దికొద్దిగా బయటికి జరుగుతూ ఉంటుంది. మర మీద బయటికి వచ్చినది మర తిప్పితేనే లోపలికి పోతుంది. బలం పెట్టి నెడితే పోదు.

2006లో సివిక్ మన దేశంలో అమ్మకానికి వచ్చింది. ఆ తరువాత కొన్నాళ్లకు మా షెడ్డుకు ఒక బండి వస్తే, నేను కూడా అందరిలాగే క్లాంపు వేసి బిగించాను. పిస్టన్ దిగలేదు. తుప్పు పట్టిందనుకుని మరో రెండు చుట్లు బిగించాను. లోపల ‘టక్’ మని చిన్న చప్పుడు వచ్చి పిస్టన్ దిగింది, ప్యాడ్లు పట్టాయి, పెడల్ గట్టిగానే ఉంది. సాయంత్రం బండి ఆయన వచ్చి హ్యాండ్ బ్రేకు లాగితే లివర్ చివరి దాకా పైకి వచ్చేసింది గాని బండికి పట్టు దొరకలేదు. లోపలి సర్దుబాటు మర విరిగిపోయింది. దానికి విడిగా మరమ్మతు కుదరక క్యాలిపర్ మొత్తం మార్చాల్సి వచ్చింది, ఆ ఖర్చు నా జీతంలోంచి కట్టాను. ఆ ‘టక్’ మన్న చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. నీ సెల్లార్‌లో అది వినపడకూడదని నా కోరిక.

ఇది చదివి నీ స్నేహితుల బండ్లకు కూడా చేసిపెట్టాలని నీకు అనిపించవచ్చు. అలాగైతే ఒక్క జాగ్రత్త తీసుకో. మన ఊళ్లలో తిరిగే చిన్న కార్లలో చాలావాటికి వెనుక డిస్కు ఉండదు, డ్రమ్ములు, వాటిలో బ్రేకు షూలు ఉంటాయి. ఆ పని పూర్తిగా వేరు. లివర్‌కు బదులు బటన్ నొక్కితే పడే హ్యాండ్ బ్రేకు ఉన్న కొత్త బండ్లలో క్యాలిపర్ మీద మోటారు ఉంటుంది, దాన్ని ముందుగా సర్వీసు స్థితిలోకి తీసుకురాకుండా తిప్పినా నెట్టినా పాడవుతుంది. అలాంటివి ముట్టుకోకు.

ప్యాడ్లు కొనేముందు అవి ఎందుకు అరిగాయో ఆలోచించు. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ఎక్కువ పని ముందు చక్రాలే చేస్తాయి, మామూలుగా ముందు ప్యాడ్లే త్వరగా అరుగుతాయి. ముందువి మార్చిన ఏడాదికే వెనుకవి, అందులోనూ ఎడమ వైపే కీచుమంటున్నాయంటే నాకు అనుమానంగా ఉంది. నువ్వు వర్షాకాలంలో నెలల తరబడి బండి తీయకుండా, హ్యాండ్ బ్రేకు లాగి వదిలేశావని అక్కయ్య చెప్పింది. కేబుల్‌లోకి తడి చేరి తుప్పు పడితే లివర్ దించినా క్యాలిపర్ దగ్గరి చేయి పూర్తిగా వెనక్కి రాదు; ప్యాడ్ రోజంతా డిస్కును రాసుకుంటూనే ఉంటుంది. చక్రం తీశాక ఎవరినైనా లోపల కూర్చోబెట్టి లివర్ లాగించి, దింపించి, ఆ చిన్న చేయి దాని ఆపుదల దాకా వచ్చి ఆనుతోందో లేదో కళ్లతో చూడు. ఆనకపోతే ఎంత మంచి ప్యాడ్లు వేసినా మళ్లీ ఇదే పరిస్థితి వస్తుంది; కేబుల్ మార్చే పని షెడ్డులోనే చేయించు. ఇకమీదట బండి వారాల తరబడి నిలిపి ఉంచాల్సి వస్తే గేరులో పెట్టి, చక్రాలకు రాళ్లు ఆనించు, హ్యాండ్ బ్రేకు లాగకు.

పనికి సమతలంగా ఉన్న చోటు చూసుకో, ర్యాంపు దగ్గర వద్దు. బండి తిరిగి వచ్చిన వెంటనే కాకుండా డిస్కులు బాగా చల్లారాక మొదలుపెట్టు. ఈ పనికి హ్యాండ్ బ్రేకు దించి ఉంచాలి, లేకపోతే పిస్టన్ లోపలికి పోదు. కాబట్టి బండిని ఆపి ఉంచే భారం వేరేవాటి మీద పడుతుంది. నీ బండికి ఇంజను బలం ముందు చక్రాలకే వెళ్తుంది, అందువల్ల మొదటి గేరులో ఉంచితే ముందు చక్రాలు తిరగవు. దానికి తోడు రెండు ముందు చక్రాలకూ ముందూ వెనుకా ఇటుకలో చెక్క దిమ్మలో పెట్టు. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొద్దిగా వదులు చెయ్యి. ఎత్తాక జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని పనిచేయకు. జాకీ స్టాండు కొనుక్కో, లేకపోతే ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకో, విప్పిన చక్రాన్ని కూడా బండి అంచు కింద పడుకోబెట్టు. జాకీ జారి మనుషులు నలిగిన సంఘటనలు నాకు తెలుసు, అందుకే ఈ ఒక్క విషయంలో నీ మాట నేను వినను.

ఒక వైపు పూర్తిగా ముగించాకే రెండో వైపు విప్పు. ఏ క్లిప్పు ఎటు ఉందో మరిచిపోతే చూసుకోవడానికి అవతలి చక్రం ఉంటుంది. మార్చడం మాత్రం రెండు వైపులా మార్చాలి.

బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడు. ప్యాడ్లు అరిగినప్పుడు మట్టం తగ్గిందని ఎవరైనా పైదాకా నింపి ఉంటే, పిస్టన్ లోపలికి పోగానే ఆయిల్ పొంగి బయటికి వస్తుంది, అది పడిన చోట పెయింటు లేచిపోతుంది. మట్టం పై గీత దగ్గర ఉంటే కొత్త సిరంజితో కొంచెం తీసి, చుట్టూ గుడ్డ కప్పు.

క్యాలిపర్‌కు వెనుక వైపు ఉన్న రెండు బోల్టులు విప్పేటప్పుడు లోపలి స్లైడ్ పిన్ (క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే కడ్డీ) కూడా వాటితో పాటు తిరుగుతుంది. దాన్ని ఇంకో స్పానర్‌తో పట్టుకుని ఉంచు. క్యాలిపర్ ఊడి వచ్చాక దాన్ని బ్రేకు పైపు మీద వేలాడనివ్వకు. బైండింగ్ వైరుతో స్ప్రింగుకు కట్టు. పాత ప్యాడ్లు బయటికి తీశాక వాటిని పక్కపక్కన పెట్టి ఒక నిమిషం చూడు, ఎందుకంటే క్యాలిపర్‌లో ఏం జరిగిందో అవే చెబుతాయి. లోపలి ప్యాడ్ అరిగి బయటిది దళసరిగా మిగిలితే స్లైడ్ పిన్లు బిగుసుకున్నాయని, ఒకే ప్యాడ్ ఒక చివర పలుచగా మరో చివర మందంగా ఉంటే దాని చెవులు (రెండు చివర్లా పొడుచుకు వచ్చిన కొసలు) క్లిప్పుల్లో తుప్పు పట్టి కదలడం లేదని, రెండు ప్యాడ్లూ సమానంగా, కానీ అవతలి చక్రం కంటే బాగా ఎక్కువగా అరిగితే కేబుల్ సంగతే అని అర్థం. హోండా వాళ్ల లెక్క ప్రకారం ప్యాడ్ రాపిడి పదార్థం 1.6 మి.మీ. దాకా అరగవచ్చు, నేనైతే 3 మి.మీ. దగ్గరే తీసేస్తాను. ఆ మిగిలిన మందం ఒక వర్షాకాలంలో కరిగిపోవచ్చు.

దుమ్మును నోటితో ఊదకు, గాలి పైపు కూడా పెట్టకు. అది ఊపిరితిత్తుల్లోకి పోకూడని దుమ్ము. బ్రేకు క్లీనర్ కొట్టి, లేదా సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో తడిపి తుడువు. రబ్బరు భాగాలకు పెట్రోలు, కిరసనాయిలు తగలనివ్వకు. డిస్కు మీద వేలిగోటితో అడ్డంగా గీసి చూడు, గోరు లోతుగా తట్టుకునేటంత గాడులు ఉన్నా, అంచున ఎత్తుగా గట్టు కట్టినా వెర్నియర్ కొలత పరికరంతో మందం కొలువు. ఎంతకు తగ్గితే మార్చాలో ఆ అంకె డిస్కు మీదే పోతపోసి ఉంటుంది.

స్లైడ్ పిన్లు ఒక్కొక్కటే బయటికి లాగి, పాత గ్రీజు పూర్తిగా తుడిచి, సిలికాన్ గ్రీజు పలుచగా రాసి, ఏది ఏ రంధ్రంలోంచి తీశావో ఆ రంధ్రంలోనే పెట్టు. షాపులో చౌకగా దొరికే చాసిస్ గ్రీజు ఇక్కడ పనికిరాదు. అది రబ్బరును ఉబ్బిస్తుంది, ఏడాది తిరగకుండా పిన్ను మళ్లీ బిగుసుకుంటుంది. పిన్ను వేలితో తోస్తే మెత్తగా వెళ్లి, వదిలితే కొంచెం వెనక్కి రావాలి. ఈ పని చేయకుండా ప్యాడ్లు మాత్రమే మార్చి పంపేవాళ్లు చాలామంది ఉన్నారు. నా లెక్కలో అది సగం పనే.

ఇప్పుడు అసలు ఘట్టం. పిస్టన్ ముఖాన్ని చూస్తే దాని మీద కూడిక గుర్తులా గాడులు కనిపిస్తాయి. దానికి సరిపోయే తిప్పుడు పరికరం దొరికితే మంచిదే, లేకపోతే గట్టి నోస్ ప్లయర్ (సన్నని మొనల పటకారు) రెండు మొనలూ ఆ గాడుల్లో పెట్టి, లోపలికి ఒత్తుతూ గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పు. ఒత్తకుండా ఊరికే తిప్పితే పిస్టన్ ఉన్నచోటే తిరుగుతుంది, లోపలికి పోదు. చాలా చుట్లు పడతాయి, చెయ్యి నొప్పి పుడుతుంది, ఓపిక పట్టు. మధ్య మధ్యలో ఆగి చుట్టూ ఉన్న రబ్బరు బూటును చూడు, అది పిస్టన్‌కు అతుక్కుని దానితో పాటు మెలితిరుగుతుంటే వేలితో విడదీసి సరిచెయ్యి. చిరిగితే వాన నీళ్లు లోపలికి పోయి పిస్టన్ తుప్పు పడుతుంది.

పిస్టన్ అడుగుకు చేరిందని పని అయిపోయిందనుకోకు. లోపలి ప్యాడ్ వెనుక రేకు మీద చిన్న బుడిపె ఉంటుంది. పిస్టన్ మీది గాడి సరిగ్గా ఆ బుడిపెకు ఎదురుగా రావాలి, క్యాలిపర్ కూర్చోగానే బుడిపె గాడిలోకి దిగాలి. పిస్టన్ తనంతట తాను తిరిగిపోకుండా ఆపేది ఆ బుడిపే. అది గాడిలో కాకుండా గట్టు మీద కూర్చుంటే ప్యాడ్ వంకరగా అరుగుతుంది, హ్యాండ్ బ్రేకు లోపలి సర్దుబాటు కూడా చెడుతుంది. క్యాలిపర్ తేలికగా కూర్చోలేదంటే బోల్టులతో లాగి కూర్చోబెట్టే ప్రయత్నం చేయకు. తీసి, పిస్టన్‌ను కొద్దిగా తిప్పి, టార్చి వేసి చూసి మళ్లీ పెట్టు.

ప్యాడ్లు పెట్టేటప్పుడు కొత్త క్లిప్పులు వెయ్యి, క్లిప్పులు కూర్చునే చోట తుప్పును వైరు బ్రష్‌తో గీకెయ్యి, చెవులకు మాత్రం చుక్కంత గ్రీజు రాయి. రాపిడి ముఖానికి గాని డిస్కుకు గాని గ్రీజు చేయి తగలకూడదు. అరుగుదల తెలిపే సన్నని రేకు ఉన్న ప్యాడ్ పాతది ఏ వైపు ఉందో ఆ వైపే పెట్టు. నీకు వినిపించిన కీచు శబ్దం ఆ రేకు డిస్కును గీకడం వల్ల వచ్చిందే కావచ్చు. చక్రం నట్లను చేతితో పట్టించి, దించాక ఎదురెదురుగా ఉన్నవాటిని బిగించుకుంటూ వెళ్లు. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ దొరికితే 108 న్యూటన్ మీటర్లు పెట్టు.

ఇంజను స్టార్టు చేయడానికి ముందే పెడల్‌ను నెమ్మదిగా పలుమార్లు తొక్కు. మొదటిసారి అది నేల దాకా పోతుంది, పిస్టన్ ఇంకా ప్యాడ్‌ను చేరలేదు కాబట్టి. గట్టిపడేదాకా తొక్కి, ఆ తరువాతే హ్యాండ్ బ్రేకు కొన్నిసార్లు లాగి దింపు. విప్పకముందు ఎన్ని క్లిక్కులకు పట్టేదో లెక్కపెట్టి ఉంచుకో, ఇప్పుడు దానికి దగ్గరగా రావాలి. పెడల్ తొక్కడం మరిచి రివర్స్ వేసిన కుర్రాడు ఒకడు మా షెడ్డు గోడను గుద్దాడు. దెబ్బలు తగలకపోవడం అందరి అదృష్టం. ఆయిల్ మట్టం మళ్లీ చూసి మూత బిగించు.

కొత్త ప్యాడ్లు డిస్కుతో కలిసిపోవడానికి కొంత సమయం కావాలి. ఆదివారం తెల్లవారుజామున మీ ఊరి చివర వెంచర్లలో వేసిన ఖాళీ రోడ్ల మీదికి తీసుకెళ్లి, 50 కి.మీ. వేగం నుంచి 10 దాకా మెల్లగా తగ్గించి, పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం పెంచుతూ ఓ పదిసార్లు చెయ్యి. ఒక్కోసారికీ మధ్య కొంత దూరం బ్రేకు వేయకుండా నడిపి చల్లారనివ్వు. మొదటి రెండు వందల కిలోమీటర్లు ముందు బండికి దూరం ఎక్కువ పాటించు. అవసరమైతే గట్టిగా బ్రేకు వేయడానికి మాత్రం సందేహించకు. తిరిగి వచ్చాక వెనుక రెండు చక్రాల దగ్గరా అరచేయి కొద్ది దూరంలో ఉంచి సెగ పోల్చు, డిస్కును ముట్టుకోకు. ఒక వైపు సెగ స్పష్టంగా ఎక్కువగా ఉంటే అక్కడ ఏదో పట్టి ఉంది. ఆ బండిని ఇక నడపకుండా నాకు ఫోను చెయ్యి. వంద కిలోమీటర్ల తరువాత నట్లు మరోసారి బిగించి చూడు.

పాత ప్యాడ్లు నాలుగూ పారేయకు. వాటి మీద ఎడమ, కుడి, లోపల, బయట అని రాసి ఫోటో తీసి పంపు. ఎడమ వైపు ప్యాడ్ల సంగతి నేను కూడా చూడాలి. అక్కయ్యకు, బావగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య