ఐదేళ్ల బాబు, 65 ఏళ్ల అమ్మతో ఆగస్టులో మసాయి మారా: ముందు ఏం చూసుకోవాలి?

మీరు అడిగింది: హైదరాబాద్ నుంచి భార్యాభర్తలు, పదేళ్ల పాప, ఐదేళ్ల బాబు, 65 ఏళ్ల అమ్మ. ఆగస్టులో కెన్యాలోని మసాయి మారా వన్యప్రాణి రిజర్వులో మూడు రాత్రులు ఉండాలి. దేనితో మొదలుపెట్టాలి?

టికెట్లతో మాత్రం కాదు, ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే ఒక జ్వరం) టీకాతో. ఇండియా నుంచి నేరుగా వెళ్లేవాళ్లను కెన్యా ఈ టీకా కార్డు అడగదు. తిరిగొచ్చేటప్పుడు అడిగేది మనవాళ్లే. కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేసిన పది రోజులకు సర్టిఫికెట్ చెల్లుబాటు మొదలవుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. మామూలు ఆస్పత్రుల్లో వేయరు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎంకు (ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వెళ్లాలి.

అసలు చిక్కు అమ్మగారి విషయంలో ఉంది. 60 దాటాక ఈ టీకా మొదటిసారి వేయించుకునేవాళ్లలో తీవ్రమైన దుష్ప్రభావాలు అరుదే, కానీ వయసులో ఉన్నవాళ్ల కంటే ఎక్కువ. గుడ్డు పడనివాళ్లకూ ఇబ్బందే. డాక్టర్ సరేనన్నాకే ఎవరికైనా అడ్వాన్స్ కట్టండి. వద్దంటే మారా పట్టుదల వదిలి దక్షిణాఫ్రికాలోని పిలానెస్‌బర్గ్ పార్కుకు వెళ్లండి. దక్షిణాఫ్రికా ఎల్లో ఫీవర్ దేశం కాదు, ఆ పార్కులో మలేరియా కూడా లేదు. సింహం, ఏనుగు, ఖడ్గమృగం అన్నీ ఉన్నాయి. విమానం మాత్రం నైరోబీ, అడిస్ అబాబాల మీదుగా కాకుండా దుబాయ్ లేదా దోహా మీదుగా చూసుకోండి.

మారాకే వెళ్తే ఖర్చు లెక్క ఇది. 2024 జులై నుంచి విదేశీయులకు రిజర్వు రుసుము జులై–డిసెంబరులో పెద్దలకు రోజుకు 200 డాలర్లు, 9–17 ఏళ్ల పిల్లలకు 50. బాబుకు ఉచితం. అంటే మీ ఇంటికి రోజుకు 650 డాలర్లు, బస, బండి కాకుండా. ఒక టికెట్ చెల్లేది 12 గంటల పాటే. అందుకని కొటేషన్ తీసుకునేటప్పుడు 'ఎన్ని రోజుల పార్కు ఫీజు కలిపారు' అని రాతపూర్వకంగా అడగండి. జనవరి–జూన్‌లో పెద్దలకు 100 డాలర్లే. వలస వచ్చే వైల్డ్‌బీస్ట్ (ఆవులా కనిపించే పెద్ద జింకజాతి) మందలను చూడటం తప్పనిసరి కాకపోతే ఫిబ్రవరి హాయిగా ఉంటుంది.

నైరోబీ నుంచి నరోక్ మీదుగా మారా సెకెనాని గేటుకు రోడ్డున ఐదారు గంటలు. అమ్మగారికి నడుంనొప్పి ఉంటే నైరోబీలోని విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానమే మేలు. అందులో చేతిసంచీతో కలిపి మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులోనే. గట్టి సూట్‌కేసు పట్టదు. లోపల తిరగడానికి పైకప్పు లేచే ల్యాండ్ క్రూయిజర్, మీ ఒక్క కుటుంబానికే. దీని మీద మాత్రం డబ్బు మిగుల్చుకోవద్దు. వేరేవాళ్లతో కలిసి వెళ్తే బాబు ఏడ్చినా, అమ్మగారికి బాత్రూమ్ అవసరమైనా బండి వెనక్కి తిప్పించడం కష్టం.

వైల్డ్‌బీస్ట్ మందలు నది దాటే దృశ్యం కోసం రోజంతా ఒడ్డున కాపు కాసే ప్లాన్ పిల్లలతో పెట్టుకోకండి. మందలు గట్టు దాకా వచ్చి గంటలకొద్దీ నిలబడి వెనుదిరిగిన రోజులెన్నో. ఉదయం 6 నుంచి 9, మళ్లీ మధ్యాహ్నం 3.30 నుంచి 6 చాలు. సింహాలు మెలకువగా ఉండేదీ ఎక్కువగా ఆ వేళల్లోనే. మధ్యలో పిల్లలు పడుకోవాలి.

క్యాంపును మూడు ప్రశ్నలు అడగండి. పిల్లలకు కనీస వయసు ఉందా? ఫ్యామిలీ టెంట్ ఉందా? కరెంటు ఎన్ని గంటలు? రెండోది చాలా ముఖ్యం. కంచె లేని క్యాంపుల్లో రాత్రి కాపలాదారు తోడు లేకుండా బయటికి అడుగు పెట్టనివ్వరు. పిల్లలు పక్క టెంటులో ఉంటే మీరు నడిచి వెళ్లలేరు. తినేవి ఏవీ టెంటులో ఉంచకండి, కోతులు జిప్పులు తీసేస్తాయి.

కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం. జంతికలు, పొడులు స్టీలు డబ్బాల్లో సర్దండి. డ్యూటీఫ్రీ కవర్లు కూడా దిగేముందే వదిలేయండి. తెల్లవారుజామున చలి గట్టిగా ఉంటుంది, స్వెట్టరు, మంకీక్యాప్ తప్పదు. ముదురు నీలం, నలుపు బట్టలకు సెట్సీ ఈగలు వస్తాయి, ఖాకీ, బూడిద రంగులే నయం. బైనాక్యులర్ ఒక్కటే కొంటే పిల్లలిద్దరూ దానికోసమే కొట్లాడుకుంటారు. ఇద్దరికీ చెరొకటి చిన్నవి, పెద్దలకు ఒక 8×42 (8 రెట్లు పెద్దదిగా చూపేది). అక్కడి ప్లగ్గు బ్రిటన్ తరహా మూడు దీర్ఘచతురస్రపు పిన్నులది.

ఈటీఏ (కెన్యా వెళ్లడానికి ఆన్‌లైన్‌లో తీసుకునే ముందస్తు అనుమతి) పసిపిల్లలతో సహా ప్రతి ఒక్కరికీ విడిగా తీసుకోవాలి. కెన్యా ప్రభుత్వ సైట్‌లోనే అప్లై చేయండి, దళారీ సైట్లు రెట్టింపు గుంజుతాయి.

మలేరియా మందులకు కనీసం ఆరు వారాల ముందే డాక్టర్‌ను కలవండి. పెద్దలకు తరచూ రాసే డాక్సీసైక్లిన్ ఎనిమిదేళ్లలోపు పిల్లలకు సాధారణంగా ఇవ్వరు. బాబుకు బరువును బట్టి వేరే మందు రాయాలి, అందులో కొన్ని ప్రయాణానికి రెండు వారాల ముందే మొదలుపెట్టాలి. ఇంటికొచ్చాక మాత్రలు మధ్యలో ఆపకండి. మూడు నెలల్లోపు ఎవరికి జ్వరం వచ్చినా, వైరల్ అనుకోకుండా, కెన్యా వెళ్లొచ్చామని చెప్పి అదే రోజు మలేరియా రక్తపరీక్ష చేయించండి.